సాంచాలు ఆగిన మధ్యాహ్నం

కామ్‌రేజ్, సూరత్
ఆగస్టు 2

అంబదాసన్నకు,

రాఖీ ఈ కవర్లోనే ఉంది. మడతలో ఎర్ర దారం కనిపిస్తుంది, చూసి తీసుకో. ప్రతి ఏడూ రాఖీతో పాటు రెండు ముక్కలు రాసి పంపేదాన్ని. ఈసారి కాగితాలు ఎక్కువున్నాయి. భోంచేసి, తీరిగ్గా చదువు. వీడియో కాల్ చేస్తే నువ్వు నా నోటి వైపు చూసి తల ఊపుతావు. సగం అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంటుంది. మెసేజ్ పెడితే మంగ వదిన చదివి నీకు చేతులతో చెబుతుంది. ఇది మాత్రం ముందు నువ్వే చదవాలని ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. మే నెలలో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. మూడో అంతస్తు, రెండు గదులు, వంటిల్లు, బట్టలు ఆరేసుకోవడానికి బాల్కనీ. దీపావళి తర్వాత నీ బావకు కామ్‌రేజ్ పక్కనే కొత్త మిల్లులో పని ఉంది కాబట్టి ఇక్కడ తీసుకున్నాం. పక్క ఫ్లాట్‌లో జశుబెన్ అని ఒక గుజరాతీ ఆవిడ ఉంటుంది. మొదటి వారంలోనే తలుపు కొట్టి, మేం రోజూ ఎందుకు కొట్లాడుకుంటున్నామని అడిగింది. కొట్లాట లేదు, అన్నం తింటున్నాం. ఇరవై ఏళ్ళకు పైగా కార్ఖానా మీది గదిలో ఉన్నవాళ్ళం, ఉప్పు అడగాలన్నా అరిచే అడుగుతాం. నీ బావ ఆమెతో, "బెన్, హమారా ప్యార్ భీ ఐసా హీ హై" అన్నాడు. మా ప్రేమ మాట వినగానే మా బిడ్డ సుమన సిగ్గుపడి లోపలికి పోయింది.

ఈ ఇంట్లో చప్పుడు లేదన్నా. అందరూ దాన్నే మెచ్చుకుంటారు. జశుబెన్ వచ్చినప్పుడల్లా "కేట్లీ శాంతి ఛే" అంటుంది, ఎంత ప్రశాంతంగా ఉందో అని. నీ బావ పొద్దున్నే బండి మీద పర్వత్ పాటియా కార్ఖానాకు పోతాడు. సుమన నర్సింగ్ కాలేజీకి పోతుంది. మా అత్త వెంకటవ్వ తిని పడుకుంటుంది. ఇక పన్నెండు దాటితే నాకు కాళ్ళు నిలవవు. వంటింట్లోంచి బాల్కనీకి, అక్కడి నుంచి తలుపు దగ్గరికి తిరుగుతాను. గుండె దడదడలాడుతుంది, అరచేతులు తడుస్తాయి. ఏదో జరిగిపోయిందనిపిస్తుంది. ఏం జరిగిందో తెలియదు. నీ బావకు ఫోన్ చేస్తాను. ఎత్తాడంటే వెనక బట్ట నేసే కరెంటు సాంచాల మోత వినిపిస్తుంది. అది వినగానే ఊపిరి ఆడుతుంది. "ఏంది, ఏమైంది?" అని ఆయన అరుస్తాడు. ఏం కాలేదని పెట్టేస్తాను.

టీవీ పెట్టి చూశాను. లాభం లేదు, అందులో వాళ్ళు మధ్యమధ్య ఆగుతారు. ఒకరోజు మిక్సీ ఖాళీగా తిప్పుతూ కూర్చున్నాను. మోటారు కాలిపోయింది. "ఖాళీ మిక్సీ ఎట్ల గాలిందే?" అని అత్త అడిగితే చట్నీ అని చెప్పాను. "ఏదే మరి చట్నీ?" అంది.

జూన్ నుంచి ఒక పని చేస్తున్నాను. కూరగాయలకని చెప్పి సిటీ బస్సెక్కి పర్వత్ పాటియాకు పోతాను. నీ బావ కార్ఖానా పక్క మెట్లున్నాయి కదా, మా పాత పైగదికి ఎక్కేవి, అక్కడ గోడకు వీపు ఆనించి కూర్చుంటాను. గోడలోంచి సాంచాల అదురు వీపులోకి వస్తుంది. రాత్రుళ్ళు పట్టని నిద్ర అక్కడ పడుతుంది. లేచి, బీరకాయలో వంకాయలో కొని ఇంటికి వస్తాను. "కామ్‌రేజ్‌ల కూరగాయలు పండుతలేవా?" అని అత్త సణుగుతుంది.

పోయిన వారం నీ బావ చాయ్ తాగడానికి బయటికొచ్చి నన్ను చూశాడు. ఒళ్ళో సంచి పెట్టుకుని నిద్రపోతున్నానట. సాంచాలు నడిపే కారీగర్లంతా గుమిగూడారు. నీకు తెలుసు కదా, పైనే ఉన్నా నేను ఏనాడూ కార్ఖానాలోకి అన్నం డబ్బా తీసుకుపోలేదు. మిగతా వాళ్ళ భార్యలు తెచ్చేవారు. ఈయనే మెట్లెక్కి వచ్చి తినేవాడు. వాళ్ళకది పాత జోకు. "జాబర్ సాబ్, రాణిగారు తనిఖీకి వచ్చిన్రు. జర సీదా నిలబడుండ్రి" అని ఎవరో అన్నారు. సాంచాలు బాగుచేసే మనిషికి కారీగర్లంతా చూస్తుండగా తల దించుకోవలసి వచ్చింది.

ఇంటికొచ్చాక అడిగాడు. "ఇల్లు గొని తప్పు జేసిన్నా?"

"లేదు."

"మరి ఏం గావాలె నీకు?"

"సప్పుడు గావాలె."

ఎగతాళి అనుకున్నాడు. ఆ రాత్రి తిండి తినలేదు.

నాకు ప్రతి దీపావళికీ జ్వరం వస్తుందని నీకు తెలుసు. మంగ వదిన దానికి దివాలీ జ్వరమని పేరు పెట్టింది. మిఠాయిలు ఎక్కువ తింటానని నవ్వేది. దీపావళికి సూరత్‌లో సాంచాలన్నీ బందు పెడతారు. మళ్ళీ మొదలైన రోజున నా జ్వరం దిగుతుంది. ఈ రెండింటినీ నేను ఇన్నేళ్ళూ కలిపి చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను.

నిన్ను అడగవలసింది ఒకటుంది. ఈ కవర్లో రాఖీ ఉంది కాబట్టి ఇందులో అడగను.

నీ చెల్లె,
పద్మారాణి


కామ్‌రేజ్
ఆగస్టు 28

అన్నా,

రాఖీ కట్టుకున్న ఫొటో మంగ వదిన పంపింది. ఉత్తరం అందిందా అని అడిగితే అందిందని రాసింది. నువ్వేం అనలేదు.

మా అత్త లెక్క ప్రకారం నాకు గాలి సోకింది. "కొత్తింట్ల ఈశాన్యం మూలకు ఎవడో నిమ్మకాయ పాతిండు" అంది. సుమన వెంటనే, "మూడో ఫ్లోర్ల ఎట్ల పాతుతరు నానమ్మా, టైల్స్ హై న" అంది. ఆ మర్నాడు తనే నన్ను పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది. మనసు డాక్టర్ దగ్గరికి. నీ బావకు చెప్పొద్దన్నాను. "మమ్మీ, షుగర్‌కు పోతే చెప్తవ్, దీనికెందుకు దాస్తవ్?" అని అడిగింది.

డాక్టర్ చిన్న వయసు ఆవిడ. హిందీలో అడిగింది: ఏం వినిపిస్తే భయమేస్తుంది?

ఏమీ వినిపించకపోతే, అన్నాను.

ఆవిడ రాయడం ఆపింది. మొట్టమొదటిసారి అలా ఎప్పుడైంది, అని అడిగింది. తెలియదన్నాను. తెలియదని చెబుతుండగానే నా చేతికి డబ్బా పిడి తగిలింది. ఒట్టి చెయ్యే. కానీ వేళ్ళకు ఆ స్టీలు పిడి, దాని వేడి తెలిశాయి.

అన్నా, నాయిన గురించి మనిద్దరం ఏనాడూ మాట్లాడుకోలేదు. అమ్మ కూడా మాట్లాడలేదు. పెత్రమాసకు పోయిన పెద్దలకు విస్తరి పెట్టేటప్పుడు ఒక్కసారి "సాంబయ్య" అని పేరు వినిపించేది, అంతే. కాబట్టి ఆ రోజు నాకు తెలిసినంత రాస్తున్నాను. నీకు తెలిసింది నువ్వు రాయి.

నాకు తొమ్మిదేళ్ళు. సూరత్‌లోనే సలాబత్‌పురా గల్లీలో ఉన్నాం. రోజూ బడి మధ్యలో ఇంటికొచ్చి, అమ్మ కట్టిన డబ్బా తీసుకుని కార్ఖానాకు పోయేదాన్ని. గల్లీ మొదట్లోనే సాంచాల మోత అందేది. ముందు చెవులకు కాదు, అరికాళ్ళకు. ఆ రోజు రంగుల దుకాణం మలుపు దగ్గరుండగా మోత ఆగిపోయింది. ఒక్కటి కాదు, అన్నీ ఒకేసారి. నా చెప్పుల చప్పుడు నాకు వినిపించింది. డబ్బా మూత టకటకలాడడం వినిపించింది. అంతకుముందు ఆ గల్లీలో నా చెప్పుల చప్పుడు నేను ఏనాడూ వినలేదు.

గేటు దగ్గర బ్రహ్మచారి మామ రెండు చేతులూ అడ్డంపెట్టి నిలబడ్డాడు. అప్పట్లో ఆ కార్ఖానాకు ఆయనే జాబర్. ఆయన చేతుల కింద నుంచి చూశాను. లోపల మనుషులంతా ఒకచోట ఉన్నారు. ఎవరూ నోరు విప్పడం లేదు. చేతులతో మాట్లాడుకుంటున్నారు. సాంచాలు నడిచేటప్పుడు చేతులతో మాట్లాడతారు, సరే. ఆగిపోయాక కూడా చేతులెందుకు? నాకు తెలియకూడదనే కదా. అక్కడ స్విచ్ బోర్డు దగ్గర నువ్వున్నావు. నన్ను చూశావు. చూసి, గోడ వైపు తిరిగావు.

"పొల్లా, ఇంటికి పో. మీ నాయినకు ఆకలి లేదట" అన్నాడు బ్రహ్మచారి మామ.

పోయాను. డబ్బా అరుగు మీద పెట్టాను. అమ్మను ఎవరో వచ్చి పిలుచుకుపోయారు. నేనొక్కదాన్నే కూర్చున్నాను. పొద్దుగూకే ముందు సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. మన గదిలోకి ఆ మోత రాగానే, ఇక అంతా సర్దుకుంది, నాయిన పని చేసుకుంటున్నాడు అనుకున్నాను. ఆ క్షణంలో కలిగినంత నిమ్మళం నాకు నా పెళ్ళిలో కలగలేదు, సుమన పుట్టినప్పుడు కూడా కలగలేదు. దీపాలు పెట్టే వేళకు టెంపోలో నాయినను తెచ్చారు.

నెల తిరక్కుండా అమ్మ అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టే పనికి పోయింది. నువ్వు అక్కడే సాంచాలు నడిపే పనికెక్కావు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నాకు ఏమీ చెప్పలేదు.

పాత గదిలో ఉన్నప్పుడు కరెంటు పోయి సాంచాలు ఆగితే నేను మెట్ల మీదికి ఉరికేదాన్ని. నీ బావ కార్ఖానాలోంచి బయటికొచ్చి, పైకి చూసి, చెయ్యి ఎత్తేవాడు. ఎందుకో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అలవాటైపోయింది. ఇక్కడ చెయ్యి ఎత్తేవాళ్ళు లేరు.

ఇదంతా విని డాక్టర్ మాత్రలు రాసింది. వారం వారం రమ్మంది. ఇది పిచ్చి కాదు, గాలి కాదు, ఆ రోజున నీ ఒళ్ళు నేర్చుకున్న కాపలా అని చెప్పింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంకా ఆ పాలీ మీదే, ఆ షిఫ్టులోనే ఉందన్నమాట. దిగమని ఎవరూ చెప్పలేదు. అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే అడగమంది. బ్రహ్మచారి మామ లేడు. అమ్మ లేదు. నువ్వున్నావు.

గోడ వైపు ఎందుకు తిరిగావు?

పద్మ


కామ్‌రేజ్
సెప్టెంబర్ 27

అన్నా,

నెల కావచ్చింది. నీకు రాయడం వచ్చని నాకు తెలుసు. నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే.

పోయిన మంగళవారం ఏం జరిగిందో రాస్తాను. అత్తకు గారెలు తినాలనిపించింది. పొయ్యి మీద నూనె పెట్టాను. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు, లిఫ్టు, కింద నీళ్ళ మోటారు, అన్నీ ఒకేసారి ఆగాయి. తర్వాత నాకు గుర్తున్నది హైవే. లారీలు పోతుంటే రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని ఉన్నాను, కాళ్ళకు చెప్పులు లేవు. మూడంతస్తులు ఎలా దిగానో, అంతదూరం ఎలా నడిచానో తెలియదు.

ఇంట్లో నూనె అంటుకుంది. మా అత్త చూసి, నీళ్ళు పోయబోయింది. మంట లేచి ఆమె చెయ్యి మోచేతి దాకా కాలింది. పొగ చూసి జశుబెన్ వచ్చి, ఆమెను బయటికి లాగి, గ్యాస్ కట్టేసింది. జశుబెన్ ఇంట్లో లేకపోతే ఏమయ్యేదో నేను రాయను.

అత్త నన్ను తిట్టలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు యాడికి వోయినవే? నిన్ను ఎవలన్న ఎత్కపోయిన్రా అని భయపడ్డ" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నీ బావకు అప్పుడు చెప్పాను. దవాఖానా, మాత్రలు, ఆ రోజు సంగతి, అన్నీ. అంతా విని, "గందుకేనా డబ్బా దేకపోయేది?" అని అడిగాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మనసులో పెట్టుకున్న ప్రశ్న అదొక్కటేనని నాకు అప్పుడు తెలిసింది.

ఇల్లు అమ్మేద్దామంటాడు. నేను వద్దన్నాను. అది సుమన ఇల్లు, వాళ్ళ నాయన రెక్కల కష్టం. నేనే పోతాను. ఈ ఇంట్లో అందరికీ ప్రమాదం నేనే. సద్దుల బతుకమ్మ అయ్యాక పర్వత్ పాటియాలో మా పాత గదికి పోయి ఒక్కదాన్నే ఉంటాను. అదీ ఎన్నాళ్ళో తెలియదు. సేఠ్ కింది కార్ఖానా మూసేస్తున్నాడు. దీపావళికి బందయ్యే సాంచాలు మళ్ళీ మొదలుకావు, పాతసామాను వాళ్ళకు తూకానికి పోతాయి. తర్వాత ఇంకో కార్ఖానా, ఇంకో గోడ వెతుక్కుంటాను. సూరత్‌లో గోడలకు కరువు లేదు.

నువ్వు రాయకపోయినా ఇక అడగను. నీ చెవులు పోయాక నీకు ఎవరూ ఏమీ చెప్పలేదని నేను బాధపడేదాన్ని. నాకు చెవులున్నా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ లెక్కన మనిద్దరం ఒకటే.

పద్మారాణి


భివండీ
అక్టోబర్ 6

చెల్లె పద్మకు,

నీ ఉత్తరాలు మూడూ అందాయి. మొదటి రెండూ పరుపు కింద పెట్టాను. మూడోది చదివాక మంగకు అన్నీ ఇచ్చాను. ఆమె చదివి, నా ముందు కాగితం, పెన్ను పెట్టి, తలుపు వేసి బయట కూర్చుంది. రాసేదాకా అన్నం లేదని చేత్తో చెప్పింది.

ఆ రోజు నాయిన గోడ పక్క సాంచాల మీద ఉన్నాడు. నేను హెల్పర్‌ను, స్విచ్ బోర్డు దగ్గర నిలబడ్డాను. ఎదురుగా నాయిన కనిపిస్తున్నాడు. ఆయన నోరు తెరిచి ఉంది. పాడుతున్నాడనుకున్నాను. నీకు తెలియదు, నాయిన సాంచాల మధ్య నిలబడి గొంతెత్తి పాడేవాడు. ఆ మోతలో ఎవరికీ వినిపించేది కాదు. నోరు ఆడడం చూసి మేం నవ్వేవాళ్ళం. ఆ రోజు కూడా చూసి నవ్వాను. పద్మా, ఆయన పాడడం లేదు. భుజం మీది తువ్వాల సాంచాను తిప్పే పట్టాలో చుట్టుకుని ఆయన్ను లోపలికి లాగుతోంది. అరుస్తున్నాడు.

బ్రహ్మచారి మామ చూసి, ఆపమని చెయ్యి అడ్డంగా కోసినట్టు ఊపాడు. నేను మెయిన్ స్విచ్ కొట్టి అన్నీ ఆపాను. రంగుల దుకాణం దగ్గర నువ్వు విన్నది అదే.

నువ్వు అనుకుంటున్నది తప్పు. సాంచాలు ఆగినప్పుడు నాయిన పోలేదు. అప్పుడే మాకు నాయిన వినబడ్డాడు. మోత ఉన్నంతసేపు ఆయన అరుపు ఎవరికీ చేరలేదు. ఆగాక మెల్లగా మాట్లాడినా చేరింది. నీళ్ళు అడిగాడు. తాపించాం. తర్వాత అన్నాడు, "పొల్ల డబ్బా దెచ్చే యాళ్లయింది. గీడికి రానియ్యకుండ్రి. నాకు ఆకలి లేదన్నడని చెప్పుండ్రి."

ఆ మాట బ్రహ్మచారి మామది కాదు, నాయినది. ఉన్నదున్నట్టు నీకు చేర్చాడు.

చేతులతో ఎందుకు మాట్లాడుకున్నామని అడిగావు. నీ దగ్గర దాచడానికి కాదు. నాయిన గొంతు సన్నగా ఉంది. దాని మీద మా గొంతు పడితే ఆయన మాట వినబడదని ఎవరూ నోరు విప్పలేదు. టెంపో వచ్చేదాకా ఆయన ఒక్కడే మాట్లాడాడు. మన ఊళ్ళోవాళ్ళ పేర్లు చెప్పాడు. నీకు జడ వేయమని అమ్మకు చెప్పమన్నాడు. దవాఖానాకు పోయాక, చీకటి పడకముందే పోయాడు. నేను దగ్గరే ఉన్నాను.

గోడ వైపు తిరగడం. నాయినను తెచ్చి నా వెనకే పడుకోబెట్టారు. నేను పక్కకు జరిగితే ఆయన నీకు కనిపిస్తాడు. అందుకే అక్కడే నిలబడ్డాను. నిలబడి నీ డబ్బా వైపు చూడడం నా వల్ల కాలేదు. అంతే.

తర్వాత నా సంగతి. ఎక్కడ మోత ఆగినా నాకు నాయిన ఆకలి లేదన్న మాట వినిపించేది. అందుకని రెండు పాలీలు చేశాను. సెలవున్న రోజు పక్క కార్ఖానాలో పనికి పోయాను. నువ్వు చప్పుడు కోసం ఉరికావు, నేనూ దాని కోసమే ఉరికాను. చెవుల్లో పెట్టుకోమని డాక్టర్ దూది ఇస్తే పారేశాను. సాంచాలు నా చెవులు తిన్నాయని అందరూ అంటారు. వాటికి పెట్టింది నేనే.

ఇప్పుడు బయటిది ఏదీ వినబడదు. ఆ మాట మాత్రం వినబడుతుంది. దాన్ని కప్పడానికి ఇక ఏ సాంచా పనికిరాదు. మొదట్లో చచ్చిపోదామనుకున్నాను. మంగ కాపలా కాసింది. మెల్లమెల్లగా భయం పోయింది. ఇప్పుడది నాయిన గొంతు, అంతే. మన దగ్గర ఆయన ఫొటో కూడా సరైనది లేదు. గొంతు నా ఒక్కడి దగ్గరే ఉండిపోయింది. నీకు ఎప్పుడో పంపవలసింది. ఇప్పుడు పంపుతున్నాను.

ఇల్లు విడువకు. వెంకటవ్వ చేతికి కొబ్బరినూనె రాయి.

మీ అన్న,
అంబదాస్


కామ్‌రేజ్
నవంబర్ 2

అన్నకు, నీ పద్మ,

నేను పాత గదికి పోలేదు. అత్త చెయ్యి మానింది. మచ్చ చూపించి కాలనీ అంతా తిరుగుతోంది. మంట ఇప్పటికి కప్పు దాకా లేచింది ఆమె కథలో.

నా భయమంతా పోయిందని రాయను. నువ్వు నమ్మవు, డాక్టర్ కూడా నమ్మదు. మొన్న మధ్యాహ్నం మళ్ళీ కాళ్ళు నిలవలేదు. పొయ్యి కట్టేశాను, చెప్పులు వేసుకున్నాను, మెట్లు దిగాను. కాలనీ గేటు దాకా పోయి అక్కడ నిలబడ్డాను. జశుబెన్ కూడా వచ్చి పక్కన నిలబడింది. ఎందుకని అడగలేదు. కాసేపయ్యాక ఇద్దరం పైకి వచ్చాం. వారం వారం దవాఖానాకు పోతున్నాను. ఇప్పుడు నీ బావ తీసుకుపోతున్నాడు.

నీ ఉత్తరం బతుకమ్మ అయ్యాక వచ్చింది. తలుపు బయట మెట్ల మీదే నిలబడి చదివాను. "ఆకలి లేదన్నడని చెప్పుండ్రి" అన్న దగ్గర ఆగి, ఆ మాట బయటికి అన్నాను. నా నోట్లోంచి వినడానికి. అత్త లోపల నుంచి, "ఎవలికే ఆకలి లేంది?" అని అడిగింది. నాయినకు, అన్నాను. ఇన్నేళ్ళలో అత్తతో ఆయన గురించి నేను అన్న మొదటి మాట అది.

దీపావళి ముందు రోజు కార్ఖానా మూసేశారు. ఆ రోజు పొద్దున నేను వంట చేసి డబ్బా కట్టాను. సుమన చూసి, "మమ్మీ, ఎవరికి?" అంది. మీ నాయనకు, అన్నాను. తనే సంచి ఇచ్చింది. బస్సు దిగి గల్లీలోకి తిరిగేసరికి అరికాళ్ళకు మోత అందింది. పిడి వేడిగా ఉంది. గేటు దగ్గర నన్ను ఎవరూ ఆపలేదు. అడ్డుగా చేతులు పెట్టేవాళ్ళు లేరని తెలిసినా ఒక నిమిషం ఆగాను.

ఆ కార్ఖానా లోపలికి పోవడం అదే మొదటిసారి. మనుషులు నన్ను చూసి ఒకరికొకరు చేతులతో చెప్పుకున్నారు. రాణిగారు అని చేతులతో ఎలా అంటారో ఆ రోజు తెలిసింది: తల మీద కిరీటం పెట్టినట్టు వేళ్ళు తిప్పుతారు. నీ బావ స్విచ్ బోర్డు దగ్గర ఉన్నాడు. ఆఖరి రోజు కాబట్టి బందు చేసే పని జాబర్‌కు ఇచ్చారట. నన్ను చూశాడు. నా చేతిలోది చూశాడు. మెయిన్ మీద చెయ్యి పెట్టి, కళ్ళతో నన్ను అడిగాడు. కొట్టనా, నువ్వు బయటికి పోతావా, అని.

నేను నోటితో చెప్పాను. "కొట్టు."

ఆ మోతలో నా మాట ఆయనకు వినబడదు. పెదవులు చూసి కొట్టాడు.

అన్నీ ఒకేసారి ఆగాయి. డబ్బా మూత టకటకలాడింది. పారిపోవాలనిపించింది. కాళ్ళు తలుపు వైపు తిరిగాయి కూడా. నువ్వు రాసింది గుర్తు తెచ్చుకున్నాను. ఆగాకే వినబడ్డాడని. నిలబడి విన్నాను. రేకుల మీద పావురాలు నడుస్తున్నాయి. ఎవరో దగ్గారు. దూరంగా ఎవరింట్లోనో కుక్కర్ కూత పెట్టింది. ఒక ముసలి కారీగర్ సాంచా మీద చెయ్యి వేసి ముక్కు చీదుకున్నాడు. ఇవన్నీ అక్కడ ఎప్పుడూ ఉన్నవే. నోళ్ళున్న సంగతి మర్చిపోయినట్టు అందరూ చేతులు వేలాడేసి నిలబడ్డారు.

నీ బావ నా దగ్గరికి వచ్చాడు. అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తబోయి, దించాడు. నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో, మా ఇంట్లో ఉప్పు అడిగేటంత గట్టిగా, "ఏం కూర?" అని అడిగాడు.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఎవరో నవ్వారు.

"బీరకాయ" అన్నాను. "ఆకలైతాందా?"

"అయితాంది" అన్నాడు.

నీ చెల్లె,
పద్మారాణి